దారప్పోగు అంటని అట్ట

ఇల్లు, కుట్టుగది
సోమవారం

వదిన గారికి నమస్కారాలు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. అసలు మొగుడు చెవిన పెట్టని సంగతి ఒకటుంది కాబట్టి అర్ధమొగుడి దగ్గరికి వచ్చాను. ఫోనులోనే చెప్పొచ్చు గానీ, ఈ ఇంట్లో ఫోను ఒక్కటే. అది మీ తమ్ముడి జేబులో ఉంటుంది.

ఇంట్లో ఈగలు పడ్డాయి వదినా. పెద్దవి కావు, నువ్వుగింజంత. మూడు వారాలైంది. వంటింట్లో కొన్ని, నా కుట్టుగదిలో ఎక్కువ. తెల్లబట్ట పరిస్తే చాలు, చుక్కలు చుక్కలుగా వచ్చి వాలతాయి. మొన్న ఒకావిడ జాకెట్టుకి ఇస్త్రీ చేస్తుంటే ఒకటి మెడపట్టీ కింద అతుక్కుపోయింది. ఆవిడ దాన్ని గోటితో గీకి చూసి, "ఇది కొత్త డిజైనా?" అంది. పైకి నవ్వాను గానీ సిగ్గుతో చచ్చిపోయాను.

బజారుకెళ్తే కొట్టాయన నాలుగు రకాల ఉచ్చులు ముందర పెట్టాడు. నీలం లైటు ఒకటి, అందులో పడితే చిటుక్కున మాడిపోతాయిట. వేలాడదీసే జిగురు రిబ్బను. పసుపు రంగు జిగురు అట్టలు. తియ్యటి నీళ్ళు పోసిన సీసా. "ఏది మంచిది?" అని అడిగితే "అన్నీ మంచివేనమ్మా" అన్నాడు. ఖాళీ చేతుల్తో తిరిగొచ్చాను. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం ఈగల లెక్క రాసే మీరుండగా ఆయన్ని అడగడమేమిటి?

మీ తమ్ముణ్ణి అడిగితే, "కిటికీ తెరువు, అవే పోతాయి" అంటాడు. పక్కింటి తలుపు కిర్రుమన్నా నూనె పట్టుకుని పరుగెత్తే మనిషి, ఈ విషయంలో మాత్రం ముఖం తిప్పేసుకుంటాడు. మీరొస్తున్నారని కుట్టుగదికి మూడు రోజుల్లో కొత్త టైల్స్ పరిచాడు, చెప్పానా? తీరా మీకు తనిఖీ అడ్డొచ్చి రాకపోతే పిల్లాడిలా అలిగాడు. ఇరవై ఏళ్ళ మేస్త్రి పనిలో తను పరిచిన టైలు ఒక్కటీ డొల్ల పలకలేదని ఆయన గొప్ప. మా పిడుక్కి కూడా నేర్పాడు: సుత్తి పిడితో కొడితే గట్టి టైలు ఠక్ అంటుంది, కింద ఖాళీ ఉంటే డబ్ అంటుంది. అయిదేళ్ళ పిల్ల, కంచం దగ్గర్నుంచి నా తల దాకా అన్నీ కొట్టి చూస్తోంది.

ఏ ఉచ్చు కొనమంటారో చెప్పండి.

మీ మరదలు

మరొకటి. పోయిన ఉత్తరం చివర "మీ ఆయన్ని టైమెంతయిందో అడుగు" అని రాశారు. అడిగాను. తింటున్నవాడు కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఏమిటా హాస్యం?


బిస్కెట్ల ఫ్యాక్టరీ క్యాంటీను
శుక్రవారం

మరదలు పిల్లకి ఆశీస్సులు.

మంచి పని చేశావు, ఏదీ కొనకుండా వచ్చావు. రోగమేదో తెలియకుండా మందు కొనేవాళ్ళే లోకంలో ఎక్కువ. ఉచ్చు కొనేముందు ఈగ ఎవరో తెలుసుకోవాలి. ఈగలన్నీ ఒక్కటి కావు. ఒక్కోదానికి ఒక్కో పుట్టిల్లు ఉంటుంది. ఉచ్చు పెట్టేది చంపడానికని అందరూ అనుకుంటారు. పదమూడేళ్ళుగా టార్చిలైటు పట్టుకుని గోడౌన్లన్నీ తిరుగుతున్నాను కాబట్టి చెప్తున్నాను, ఉచ్చు పెట్టేది అడగడానికి.

నీలం లైటు వద్దు. అది ఎవరో పిలిచినట్టు ఊళ్ళో పురుగులన్నిటినీ ఇంట్లోకి పిలుస్తుంది. మాడిన పురుగుల పొడి నీ బట్టల మీద రాలుతుంది. రిబ్బను నీ జుట్టుకే అంటుకుంటుంది.

ఇలా చెయ్యి. వంటింట్లో ఒక గ్లాసులో రెండు వేళ్ళ ఎత్తు వెనిగర్ పోసి, గిన్నెలు తోమే సబ్బుది ఒక్క చుక్క వెయ్యి. సబ్బు లేకపోతే అవి నీళ్ళ మీద నిలబడి తాగి, నీకు దణ్ణం పెట్టి వెళ్ళిపోతాయి. అందులో పడితే పండ్ల బుట్టలో పుట్టినవి. పసుపు అట్టలు ఒక పది కొను. ఒకటి పూలకుండీలో గుచ్చు. దానికి పడితే తడిమట్టిలో పుట్టినవి, కుండీకి నీళ్ళు తగ్గించాలి. స్నానాలగది తూము మీద ఒక టేపు ముక్క జిగురువైపు కిందికి పెట్టి అతికించు. తెల్లారేసరికి దానికి అంటితే తూములో పాచిలో పుట్టినవి. ఇంకో అట్ట నీ మిషను పక్కన, నేలకి జానెడెత్తున వేలాడదీయి. వారం తరవాత అన్నీ పాలిథీను కవర్లో పెట్టి నాకు పోస్టు చెయ్యి. తుడవకు, కడగకు. నీ శుభ్రం నాకు తెలుసు, చచ్చిన ఈగలకి కూడా స్నానం చేయించే రకం.

ఏదైనా ఖాళీగా ఉంటే ఉచ్చు పనిచెయ్యలేదని పారెయ్యకు. ఖాళీ అట్ట కూడా సమాధానమే.

గడియారం సంగతా? అదో చిన్నప్పటి వేళాకోళం. మీ ఆయనకి ఇంకా ఉక్రోషం పోలేదన్నమాట. వచ్చినప్పుడు చెప్తాలే. పిడుక్కి ముద్దులు.

మీ వదిన


ఇల్లు, కుట్టుగది
ఆదివారం

వదిన గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. పంపేముందు అట్టలన్నిటికీ వెనకాల ఏ గదిదో రాశాను. వెనిగర్ గ్లాసులో నాలుగే పడ్డాయి. పూలకుండీ అట్టకి ఒకటి, అదీ దారి తప్పినట్టుంది. తూము మీద టేపుకి ఏమీ లేదు. ఇక కుట్టుగది అట్ట చూడండి, అద్దంలా ఉంది. విచిత్రం ఏమిటంటే, ఈగలున్నది ఆ గదిలోనే!

పైగా ఇవి పెద్దగా ఎగరవు వదినా. చేత్తో కొట్టబోతే రెక్కలున్న సంగతి మర్చిపోయినట్టు నేల మీద పరుగెడతాయి. ఆగుతాయి, మళ్ళీ పరుగెడతాయి. భూతద్దం పెట్టి చూశాను, సూదిలో దారం ఎక్కించేటప్పుడు వాడతానే, అది. వీపు గూనిగా ఉంది. పిడుగు వాటికి "పరుగీగలు" అని పేరు పెట్టి, ఏది ముందొస్తుందో పందెం వేస్తోంది. అన్నీ మిషను కింద గోడ మూల నుంచే వస్తాయిట. "అమ్మా, వాటి ఇల్లు అక్కడే" అంటోంది.

మీ తమ్ముడికి అట్టలు నచ్చలేదు. "బట్టలు కుట్టించుకునేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అని కుట్టుగదిది తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాడు రెండుసార్లు. రెండుసార్లూ నేను తెచ్చి మళ్ళీ తగిలించాను. మొండితనంలో నేనేం తక్కువా, మీ ఇంటి కోడల్నేగా.

ఇంకో మాట రాయాలా వద్దా అనుకున్నాను. ఈమధ్య ఆయన పొద్దున్నే, మేం లేవకముందు, కుట్టుగదిలో నేల కొట్టి చూస్తున్నాడు. సుత్తి పిడితో, మెల్లిగా. ఠక్, ఠక్, ఠక్. మిషను దగ్గరికి వచ్చేసరికి ఆపేస్తాడు. అక్కడ కొట్టడు. "ఏం చేస్తున్నావు?" అంటే "పలుకు చూస్తున్నాను" అన్నాడు. పరిచి నెలన్నర దాటిన టైల్స్‌కి ఇప్పుడు పలుకేమిటి? ఎవరినైనా అడుగుదామంటే, ఆ పని చేసినప్పుడు ఉన్నది ఆయనా, ప్లంబరూ. రెండో రోజు ఇద్దరూ ఆ గదిలో అరుచుకున్నారు. నేను బజారు నుంచి వచ్చేసరికి ప్లంబరు లేడు. ప్లంబరు పనిముట్ల సంచీ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఇప్పటికీ అటక మీదే ఉంది. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా దానికోసం రాలేదు.

ఇదంతా గోరంతని కొండంత చేయడమేనేమో. మీరు నవ్వేసి ఒక మందు పేరు రాయండి.

మీ మరదలు


బిస్కెట్ల ఫ్యాక్టరీ, స్టోరుగది
గురువారం

అమ్మాయీ,

నవ్వలేదు.

ముందు ఆ పరుగీగల సంగతి. గ్లాసులో అడుగున మునిగినవాటిని నువ్వు కవర్లో వేశావు కదా, వాటిలో రెండు గూనివి. మా దగ్గర వాటిని చూస్తే పని ఆపేస్తారు. అవి పండ్ల కోసం రావు. మట్టి కింద మురుగు చేరి కుళ్ళుతున్నచోట పుడతాయి. లేకపోతే మట్టి కింద ఏదైనా చచ్చి కుళ్ళుతున్నచోట. మూడో పుట్టిల్లు నేనెప్పుడూ చూడలేదు. సన్నటి పగులు చాలు, పైకి వస్తాయి.

ఇప్పుడు నువ్వు పంపిన కుట్టుగది అట్ట. రెండుసార్లు కాదు, పదిసార్లు చూశాను. కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. నువ్వు రోజుకి ఎనిమిది గంటలు మిషను తొక్కే గది అది. ఆ గదిలో కాసేపు కూర్చుంటే నా చీరకే దూదిపోగులు అంటుకుంటాయి. అలాంటిది వారం రోజులు మిషను పక్కన వేలాడిన జిగురు అట్టకి ఒక్క దారప్పోగు కూడా అంటలేదు. ఈగ లేకపోతే పోనీ. పోగు ఏమయింది?

ఆ అట్ట వారం రోజులు అక్కడ లేదు. అక్కడున్నదాన్ని ఎవరో తీసేసి, కొత్తది పెట్టారు. నువ్వు పది కొన్నావు, ఇంట్లో ఎన్ని మిగిలాయో చూడు.

ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటావా? నేనూ అదే పని చేశాను కాబట్టి. పోయిన తనిఖీ ముందు రోజు మా మేనేజరు చెప్తే, నిండిపోయిన అట్టలు పదకొండు తీసేసి కొత్తవి పెట్టాను. మర్నాడు తనిఖీ అధికారి, "భలే శుభ్రంగా ఉంది" అన్నాడు. ఆ తనిఖీ వల్లే మీ ఇంటికి రాలేదు. మార్చిన అట్ట ఎలా ఉంటుందో నా చేతులకి తెలుసు.

ఎవరు మార్చారో నేను రాయను. నువ్వే తేల్చుకో. కొత్త అట్ట తీసుకుని, వెనక మూల, కనపడనంత చిన్నగా తెల్లదారంతో ఒక్క కుట్టు వెయ్యి. అట్ట ఉన్నంతకాలం కుట్టు ఉంటుంది.

ఫోను చేశాను. తమ్ముడు ఎత్తాడు. "అంతా బాగానే ఉంది, అది బజారుకెళ్ళింది" అన్నాడు. పిడుగు లాక్కుని "అత్తా, నాన్న నేలతో మాట్లాడుతున్నాడు" అంది. ఫోను ఆగిపోయింది.

ఆ ప్లంబరు ఎక్కడున్నాడు? ఆ తరవాత ఎవరైనా చూశారా?

వదిన


ఇల్లు
ఆదివారం

వదిన గారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. సొంత తమ్ముడి గురించి ఎవరైనా అలా అడుగుతారా? "ఎవరైనా చూశారా" అంటే అర్థమేమిటి? బల్లి పడితే బయటికి పంపించి తలుపేసే మనిషి. మీకు పదమూడేళ్ళుగా పురుగుల్ని చూసి చూసి మనుషుల మీద కూడా అనుమానం పట్టుకుంది. ఆ ఉద్యోగం మానెయ్యండి. ఇక ఈ అట్టల గొడవ నాకొద్దు.

మంగళవారం

పై ముక్క పోస్టు చెయ్యలేదు. చింపెయ్యనూ లేదు.

ఇల్లంతా కలిపి పదిలో ఆరు వాడాను. నాలుగుండాలి. ఒక్కటే ఉంది. ఆ ఒక్కదానికే వెనక మూల కుట్టు వేసి, ఆదివారం సాయంత్రం మిషను పక్కన తగిలించాను. సోమవారం మధ్యాహ్నం దాకా దానికి ఇరవై మూడు పరుగీగలు, లెక్కపెట్టడం మానేసినన్ని దారప్పోగులు. పిడుగుని తీసుకుని పాలకి వెళ్ళొచ్చాను, అంతే. వచ్చేసరికి అట్ట మళ్ళీ అద్దంలా ఉంది. తిప్పి చూశాను. కుట్టు లేదు.

కొట్టుకెళ్ళి అడిగితే ఆయన "మీవారు డజను పట్టుకెళ్ళారుగా, ఇంకా కావాలా?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సాయంత్రం నేనేమీ అనకుండానే మీ తమ్ముడు, "ఆ గదిలో ఈగలు తగ్గాయి కదూ" అన్నాడు. నేను తలూపాను. అడగలేదు వదినా. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయం వేసింది. పన్నెండేళ్ళలో ఆయన్ని చూసి భయపడ్డది ఇదే మొదటిసారి.

ఇవాళ ఇంకోటి. పిడుగు గోళీ ఒకటి గది మధ్యలో పెట్టి వదిలింది. ఎవరూ తొయ్యలేదు. అది మెల్లిగా కదిలి, మిషను కిందికి పోయి, గోడ మూల ఆగింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడికే. పిల్ల చప్పట్లు కొట్టింది. నీటి మట్టం పెట్టి పరిచిన నేల అది. మిషను కాలు కూడా నెల నుంచి ఊగుతోంది, కింద అట్టముక్కలు పెట్టుకుంటూ వస్తున్నాను. ఊగుతున్నది మిషను కాదని ఇప్పుడు తెలిసింది.

ఆయన కొట్టని చోట నేను కొట్టాను, కత్తెర పిడితో. డబ్ అంది.

ఏం చెయ్యాలో చెప్పండి. ఈసారి కోపగించుకోను.

మీ మరదలు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
బుధవారం, ఉత్తరం అందగానే

తల్లీ,

ఇది చదివిన వెంటనే పిడుగుని ఆ గదిలోంచి తీసెయ్యి. గొళ్ళెం కాదు, తాళం వెయ్యి. మిషను అక్కడే ఉండనీ, లాగొద్దు, దాని దగ్గరికి కూడా వెళ్ళొద్దు. పైవాటా వాళ్ళ నీళ్ళు ఏ గొట్టంలో పోతాయో తెలుసా? ఆ గది కిందినుంచే అయితే, నెలన్నరగా ఆ నీళ్ళు మీ నేల కింద మట్టిని కడిగేస్తున్నాయి. పైన టైల్స్, కింద ఏమీ లేదు. నేనాశించేది ఇదే. ఇంకోటి కాకూడదని దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఆ ఇంకోటి కాదని తెలియాలంటే ప్లంబర్ని వెతుకు. సంచీ ఇవ్వడానికి వచ్చానని చెప్పు. మనిషి కనిపిస్తే చాలు, సగం ప్రాణం తిరిగొస్తుంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. గడియారం సంగతి ఇప్పుడు చెప్పాల్సిందే. మా నాన్నకి ఒక అలారం గడియారం ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తమ్ముడికి ఆరేళ్ళు, నాకు పది. వాడు స్టూలెక్కి దాన్ని తీశాడు. వాడి చేతిలో ఉండగా చూస్తే ఆగిపోయి ఉంది. "అక్కా, నేను చంపేశాను" అని ఏడుస్తూ వచ్చాడు. నేనే పెరట్లో గుంట తవ్వి, వాడి చేత పాతిపెట్టించాను. పైన మట్టి తొక్కి, దాని మీద పూలమొక్క నాటాం. నాన్న నెల రోజులు వెతికాడు. మేం చెప్పలేదు.

అప్పట్నుంచి వాడు ఏది పాడుచేసినా పాతిపెట్టడమే. పగిలిన గ్లాసు, చిరిగిన పుస్తకం, తప్పిన పరీక్ష కాగితం. వాడు గొప్పలకి పోయినప్పుడల్లా నేను "టైమెంతయిందిరా?" అని అడిగేదాన్ని. నోరు మూసుకునేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, ఎందుకో తెలియకపోయినా. నలభయ్యో పడిలో పడ్డాడు, ఇంకా అడుగుతూనే ఉన్నాను.

వాడు ఆ గొట్టం పగలగొట్టి ఉంటాడు. నేను వస్తున్నానని తొందరపడి, దాని మీద టైల్స్ పరిచి ఉంటాడు. వాణ్ణి తిట్టకు. నేను శుక్రవారం బస్సెక్కుతాను. రేపు మళ్ళీ తనిఖీ, ఈసారి అట్టలు మార్చనని చెప్పాను, ఆ ఒక్కరోజు అక్కడ నేనుండాలి.

ఈ ఉత్తరం వాడి కంట పడనీకు.

వదిన


ఆసుపత్రి, వరండాలో బెంచీ
ఆదివారం

వదిన గారికి,

శుక్రవారం మీరు బస్సెక్కకుండా పక్కింటివాళ్ళ ఫోను నుంచి నేను ఆపించింది ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను. ఆయన కాళ్ళూ చేతులూ పట్టుకుని బతిమాలినట్టు అడిగాడు, అందుకని.

మీ ఉత్తరం శుక్రవారం పొద్దున్నే అందింది. గదికి తాళం వేశాను. ఉత్తరాన్ని ముందుగది బల్ల సొరుగులో, గుండీల డబ్బా కింద పెట్టాను. అటక మీంచి సంచీ దించి, గుమ్మంలో ఆడుకుంటున్న పిడుగుని ఓ కంట చూడమని పక్కింటావిడకి చెప్పి, ప్లంబర్ని వెతుక్కుంటూ వెళ్ళాను. నాలుగు వీధులవతల ఉన్నాడు వదినా. బతికున్నాడు. గుమ్మంలో కూర్చుని గొట్టానికి మరలు కోస్తున్నాడు. ఆయన్ని చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి మంచినీళ్ళిచ్చాడు. 

"పాత గచ్చు పగలగొడుతుంటే మీవారి గునపం దిగి గొట్టం పగిలిందమ్మా. బారెడు ముక్క. తవ్వి మార్చేద్దాం, రెండు రోజుల పని అన్నాను. 'రెండు రోజులు లేవు, మా అక్క ఎల్లుండి వస్తోంది, గది తవ్వి ఉంటే నవ్వుతుంది' అన్నాడు. పగులు మీద గోనెపట్టా కప్పి, ఇసుక పోసి, టైలు వేసేస్తానన్నాడు. నా చేతుల మీదుగా జరగనివ్వనన్నాను. మాటా మాటా పెరిగింది. సంచీ కూడా తీసుకోకుండా వచ్చేశాను. నేనైనా మీకు చెప్పాల్సింది. తప్పే" అన్నాడు.

పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. ప్లంబరు కూడా నా వెనకే. వీధి మొగలోనే పెద్ద చప్పుడు వినపడింది. బస్తా జారిపడ్డట్టు, అంతే.

జరిగింది పక్కింటావిడ చెప్పింది. ఆయన పనికి వెళ్ళినవాడు మధ్యలో తిరిగొచ్చి, సుద్దముక్క కోసం సొరుగు లాగినట్టున్నాడు. ఉత్తరం చదివాడు. పిడుగుని ఎత్తుకుని పక్కింట్లో దింపి, "సాయంత్రం దాకా ఉంచుకోండి" అన్నాడుట. తరవాత తాళం పగలగొట్టి గదిలోకి వెళ్ళాడు. నేల మీద నా సుద్దతో గీతలు ఉన్నాయి, ఎక్కడ్నుంచి ఎక్కడికి తవ్వాలో. నేను వచ్చేలోపు తవ్వి, గొట్టం మార్చి, ఎప్పట్లా పరిచేద్దామనుకున్నాడు కాబోలు. మిషను కదపొద్దని మీరు రాశారు. ఆయన ముందు దాన్నే లాగాడు.

గదిలో సగం లేదు వదినా. ఛాతీలోతు గుంట. నల్లటి నీళ్ళు. పరుగీగలు గోడ నిండా. ఆయన నడుం దాకా అందులో ఉన్నాడు, మిషను ఇనుప కాలు ఆయన కాలి మీద. గుంట అంచు ఇంకా విరుగుతోంది. ప్లంబరు తలుపు రెక్క ఊడదీసి, దాని మీద పడుకుని ఆయన చంకల కింద తాడు వేశాడు. నలుగురం లాగితే గంట పట్టింది.

ఆ గంటా ఆయన నొప్పి అనలేదు. పిడుగు ఎక్కడ అని ఒకసారి అడిగాడు. తరవాత నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట, మళ్ళీ మళ్ళీ. "అక్కకి చెప్పొద్దు. ఇది మాత్రం అక్కకి చెప్పొద్దు."

మీ మీద నాకు కోపం ఉంది. దాచను. ఇరవై ఏళ్ళు నేలలు పరిచిన మనిషి, ఒక్క నవ్వుకి భయపడి కూతుర్ని గుంట మీద ఆడుకోనిచ్చాడు. ఆయన మీద ఇంకా ఎక్కువ కోపం ఉంది. కానీ ఆయనకి జ్వరం నూట నాలుగు. మురుగు గాయంలోకి వెళ్ళింది. ఇప్పుడు కోపం ఎక్కడ పెట్టుకోను?

మీ మరదలు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
మంగళవారం

తమ్ముడూ,

దీన్ని మరదలు చదివి వినిపిస్తుంది. నీ ముందుకి వచ్చి చెప్పే ముఖం లేక రాస్తున్నాను. రావొద్దన్నావని వంక దొరికింది కూడా.

అట్టలు మార్చనన్నందుకు నన్ను పనిలోంచి తీసేశారు. దానికి బాధ లేదు. నిన్న ఊరికే కూర్చుని నా చేతులు చూసుకున్నాను. ఈ చేతులు మొదట మార్చినది ఫ్యాక్టరీ అట్ట కాదురా.

గడియారం నువ్వు ముట్టుకోవడానికి ముందు రోజే ఆగిపోయింది. నాన్న లేనప్పుడు నేను తీశాను. కీ తిప్పడం బాగుందని తిప్పుతూ పోయాను. లోపల టక్ మని ఏదో తెగింది. మళ్ళీ అల్మారాలో, అదే చోట, అదే వైపు తిప్పి పెట్టేశాను. ఎవరు తీస్తారా అని రోజంతా భయంతో చచ్చాను. మర్నాడు నువ్వు తీశావు. "నేను చంపేశాను" అని నా దగ్గరికే వచ్చి ఏడ్చావు. నాకు ఎంత తేలికయిందో తెలుసా? నీ కన్నీళ్ళు తుడుస్తూ లోపల సంతోషించాను.

నిన్ను కాపాడినట్టు అందరికీ కనిపించాను, నాకు నేనే కనిపించాను. టైమెంతయిందని అడిగినప్పుడల్లా నువ్వు తల దించుకునేవాడివి. నువ్వు తల దించుకుంటే నా తప్పు ఇంకా నీ దగ్గరే భద్రంగా ఉందని నాకు ధైర్యం. అందుకే అడిగాను. ముప్ఫై ఏళ్ళ పైన అడిగాను. నీ పెళ్ళిలో అడిగాను. పోయిన నెల ఉత్తరంలో అడిగాను.

నువ్వు పాతిపెట్టింది నా తప్పు. పాతిపెట్టడం నేర్పింది నేను. ఆ గుంటలో పడాల్సింది నువ్వు కాదు.

క్షమించమని అడగను. తెలుసుకుంటే చాలు.

అక్క


ఆసుపత్రి
శుక్రవారం

వదిన గారికి,

ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. చదవాలా వద్దా అని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆయనకి జ్వరం కొంచెం తగ్గింది, కళ్ళు తెరిచాడు. చదివాను.

కాలు నిలవదని డాక్టరు చెప్పారు. మోకాలి కింది దాకా నల్లబడింది. రేపు పదింటికి తీసేస్తారు. తీసేసినా విషం అక్కడితో ఆగుతుందని గట్టిగా చెప్పలేమన్నారు. ఈ సంగతి ఆయనకి రాత్రే చెప్పారు. ఇంటికి తాళం వేశాం, ప్లంబరూ ఇంకో ఇద్దరూ గుంట పూడుస్తున్నారు. పిడుగు పక్కింట్లో ఉంది. నేల మీద కూర్చోమంటే కూర్చోవడం లేదు. ముందు కొట్టి చూస్తోంది.

మీ ఉత్తరం వింటున్నంతసేపూ ఆయన గోడవైపే చూస్తున్నాడు. అయిపోయాక "మళ్ళీ చదువు" అన్నాడు. మొత్తం కాదు, ముందు రోజే ఆగిపోయింది అన్న ముక్క ఒక్కటి. చదివాను. "మళ్ళీ" అన్నాడు. మూడుసార్లు చదివాను.

మీ మీద కోప్పడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. నా వైపు తిరిగాడు. నెరిసిన గడ్డం, పగిలిన పెదాలు, కళ్ళు మాత్రం ఆరేళ్ళ పిల్లాడివి. నేనెప్పుడూ ఆ కళ్ళు చూడలేదు వదినా, మీరు చూసి ఉంటారు.

"అయితే, నేను కాదా?" అని అడిగాడు.

కాదన్నాను. వినలేదు. నా మాట సరిపోలేదు ఆయనకి. అప్పట్నుంచి తలుపు తెరుచుకున్న ప్రతిసారీ తలెత్తి చూసి, వచ్చిన నర్సుని అడుగుతున్నాడు, మందులిచ్చే ఆవిణ్ణి అడుగుతున్నాడు, "నేను కాదుటగా?" అని. వాళ్ళకేం తెలుసు? జ్వరంలో మాటలనుకుని తల నిమిరి వెళ్ళిపోతున్నారు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. మీ ఊరెళ్ళే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, సాయంత్రానికి మీకు అందుతుంది. అదే బస్సు తిరిగి తెల్లారేసరికి ఇక్కడికి వస్తుంది. పదింటికి ఆయన్ని లోపలికి తీసుకెళ్తారు. ఆలోపు వచ్చి, మీ నోటితో చెప్పండి.

మీ మరదలు